ముందు లెక్క, తర్వాత వెలుగు

డిసెంబర్ వచ్చిందంటే గుంటూరు, విజయవాడ, ఒంగోలు వీధుల్లో మేడల మీదికి నక్షత్రాలు ఎక్కుతాయి. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టినవి కొన్ని, బజారులో కొన్న ప్లాస్టిక్‌వి కొన్ని. పిట్టగోడ మీంచి సీరియల్ సెట్లు దిగుతాయి. ముంగిట్లో గడ్డితో పశువుల పాక వేసి, మరియమ్మనూ యోసేపునూ బాలయేసునూ అమర్చి, చూరు చుట్టూ రంగు లైట్లు తిప్పుతారు. దారిన పోయేవాళ్లు ఆగి, "ఎంత బాగా కట్టారో!" అంటారు. పండగ అలాగే ఉండాలి.

అయితే ఆ లైట్ల వైరు పట్టుకుని వెనక్కి నడిచి చూసేవాళ్లు తక్కువ. ఆ వైరు పిట్టగోడ దిగి, కిటికీ రెక్కల సందులోంచి లోపలికి దూరుతుంది. సోఫా వెనక ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో చేరుతుంది. ఆ బాక్సు ఇంకో బాక్సులో గుచ్చి ఉంటుంది. ఆ రెండో బాక్సులో టీవీ, ఫోన్ ఛార్జరు, పండగపూట తెచ్చిన సౌండ్ బాక్సు. అన్నిటి భారం గోడ మీదున్న ఒకే ఒక్క పాత సాకెట్ మీద. కిటికీ రెక్క మూసినప్పుడల్లా వైరు మీద పైతొడుగు కొంచెం కొంచెం నలుగుతూనే ఉంటుంది. ఇంటిని వెలిగించాలన్న ఉత్సాహం ముందు నుంచి కనిపిస్తుంది. ఆ ఇంటి మనిషికి ముందుచూపు ఉందో లేదో సోఫా వెనక తెలుస్తుంది.

నేను చెప్పదలచింది ఒకటే. ఏ పనైనా ఘనంగా చేయాలనుకునేవాడు, దాన్ని మోసే ఆధారం ఎంత మోయగలదో ముందు కొలుచుకోవాలి. కొలిచాక ఆ కొలత దాటకూడదు. ఉద్యోగానికీ, అప్పుకీ, ఇచ్చిన మాటకీ ఇదే వర్తిస్తుంది. దీన్ని నేర్చుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు, ఇంటి బయట క్రిస్మస్ లైట్లు కట్టడం చాలు. ఇక్కడ లెక్క తప్పితే ఫలితం వెంటనే కనిపిస్తుంది. ఒక్కోసారి దిద్దుకునే అవకాశం కూడా ఉండదు.

ఈ వేడుక ఎలా మొదలైందో చూడండి. 1882 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు కరెంటు బల్బులు కట్టాడు. ఎడిసన్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న మనిషి. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు, వైరింగంతా చేత్తోనే చేసింది. అప్పటిదాకా చెట్టు కొమ్మల మీద నిజం కొవ్వొత్తులే వెలిగించేవాళ్లు. ఎండిన కొమ్మకు ఆ మంట తగిలి ఇళ్లు కాలిన రోజులవి. కరెంటు బల్బు ఆ ప్రమాదం తప్పించింది. ముందే వైరింగు చేసి అమ్మే సెట్లు 1903 నుంచి అమెరికా బజారులోకి వచ్చాయి. అంతకుముందు ఇంట్లో ఇలాంటి అలంకారం చేయాలంటే వైర్‌మ్యాన్‌ను పిలిపించాల్సిందే. ఆ మనిషి వస్తే లోడెంత, వైరెంత, ఎక్కడి నుంచి ఇవ్వాలి అని చూసేవాడు. ఇప్పుడు డబ్బా విప్పి ప్లగ్గు పెడితే చాలు. పని సులువైంది, చూసే మనిషి పోయాడు. ఆ చూపు ఇప్పుడు మనకే ఉండాలి.

బోర్డు చూపించు నాయనా

మా వీధిలో అందరూ పిలిచే ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. అరవై దాటినవాడు. పక్కింటి కుర్రాడు నిరుడు డిసెంబర్‌లో ఆయన్ను పిలిచాడు. "బాబాయ్, ఈ సెట్లన్నీ కలిపేసి మేడ చుట్టూ తిప్పేద్దాం" అన్నాడు. ఆయన లైట్ల వైపు చూడనేలేదు. "లైట్లు తర్వాత చూద్దాంలే నాయనా, ముందు ఏ బోర్డులోంచి ఇస్తన్నావో అది చూపించు" అన్నాడు.

మెయిన్ ఆపేశాడు. టెస్టర్ పెట్టి కరెంటు లేదని నిర్ధారించుకున్నాక బోర్డు మరలు విప్పాడు. సాకెట్ రంధ్రం అంచున కాటుక గీత లాంటి నలుపు. లోపల వైరును పట్టుకునే మర వదులైపోయి, వైరు దాని చోట్లో కదులుతోంది. "ఇది చూశావా? ఇక్కడ వదులుంటే నువ్వు తక్కువ లోడు పెట్టినా వేడెక్కుద్ది. పైన లైట్లు కళకళ్లాడతానే ఉంటాయి, లోపల ఇది కాలతా ఉంటది" అన్నాడు. సాకెట్ మార్చాడు. వైరు కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి, మర బిగించి, ఒకసారి లాగి చూశాడు.

తర్వాత సెట్లు తెమ్మన్నాడు. ఒకదానికి ప్లగ్గే లేదు. రెండు వైరు కొసలు సాకెట్లో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చడం ఆ ఇంట్లో అలవాటట. ఈ పద్ధతి మీరూ చూసే ఉంటారు. పెళ్లి పందిళ్లలో, వీధి పండగల్లో, చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా ఉంది. రాగి తీగ బయటికి తేలి ఉంటుంది, పట్టు సరిగ్గా ఉండక నిప్పురవ్వలు లేస్తాయి, పక్కనే ఎండిన అగ్గిపుల్ల. చేయి తగిలినా, పిల్లాడు లాగినా అంతే. ఆయన ఏమీ అనకుండా సంచిలోంచి ఒక ప్లగ్గు తీసి బిగించాడు. సినిమా టికెట్టులో సగం ధర కూడా ఉండని వస్తువు. దానికోసం బజారుకు వెళ్లడానికి బద్ధకించి ప్రాణాన్ని పణంగా పెడుతున్నాం. మనిషిలో నిజంగా మార్చుకోవాల్సిన గుణం ఏదైనా ఉంటే, "ఈ ఒక్క రోజుకేలే" అనే ఈ సర్దుబాటే.

అన్నీ వెలిగించిన అరగంటకు ఆయన స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, దాని ఒంటిని వేళ్ల వెనక వైపుతో తాకి చూశాడు. "గోరువెచ్చగా కూడా ఉండకూడదు" అన్నాడు. ఇది మీరూ చేయొచ్చు, ప్రతి కొత్త అమరికకూ చేయాలి. వేడి తగిలిందంటే లోడు ఎక్కువైనట్టు, లేదంటే పట్టు వదులైనట్టు. వాసన వచ్చేదాకా ఆగకండి.

లెక్క ఇంతే

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. మామూలు చిన్న సాకెట్ 6 ఆంప్స్‌ది. రెండూ గుణిస్తే 1380. అంటే ఆ సాకెట్ మీద పెట్టగలిగే అన్నిటి వాట్లూ కలిపి 1380 దాటకూడదు. పెద్ద రంధ్రాల సాకెట్ 16 ఆంప్స్‌ది, 3680 వాట్లు. డబ్బా వెనకో అడాప్టర్ మీదో వాట్లు రాసి ఉంటాయి. కాగితం మీద కూడండి. పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ల చేత కూడించండి, భౌతికశాస్త్రం పాఠం ఇంట్లోనే అర్థమవుతుంది.

కూడితే ఒక విషయం బయటపడుతుంది. ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు తినే కరెంటు చాలా తక్కువ. అలాంటివి పది కలిపినా ఒక పాత ఫ్యాన్‌తో సమానం కావచ్చు. భారమంతా వేరేచోట ఉంటుంది. పాకను వెలిగించడానికి తెచ్చిన 500 వాట్ల హాలోజన్ ఫోకస్ లైట్లు, సౌండ్ బాక్సు, భోజనాల దగ్గర పెట్టిన వేడి పాత్రలు, చివరి నిమిషంలో కొత్త బట్టలకు ఇస్త్రీ పెట్టె. ఇస్త్రీ పెట్టె ఒక్కటే 1000 వాట్లు ఉంటుంది. ఇరవై నాలుగో తారీకు సాయంత్రం ఇవన్నీ ఒకే లైను మీద పడతాయి. అప్పుడు బోర్డులో లోడు మించితే కరెంటు ఆపేసే ఎం.సి.బి. పడిపోతుంది. ఎవరో అంటారు, "చిన్నది వేశారు, పెద్దది వేయించండి" అని. గోడలో ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు. దాన్ని కాపాడటానికి పెట్టిన ఎం.సి.బి. తీసి 32 ఆంప్స్‌ది పెడితే, ఇక పడిపోవాల్సింది పడిపోదు. గోడలో వైరే కాలుతుంది.

అమెరికాలో ఈ లెక్కకు ఇంకో మెట్టు ఉంది. అక్కడ 120 వోల్టులు, మామూలు లైను 15 ఆంప్స్, అంటే 1800 వాట్లు. కానీ మూడు గంటలు, అంతకు మించి ఆగకుండా నడిచే లోడైతే అందులో 80 శాతమే వాడాలని వాళ్ల పద్ధతి. 1440 వాట్ల దగ్గర ఆగిపోవాలి. పాతరకం పెద్ద బల్బులు ఒక్కోటి 7 వాట్లు, 25 బల్బుల దండ 175 వాట్లు. ఎనిమిది దండలు వేస్తే 1400. తొమ్మిదోది వేయకూడదు. వేసినా ఆ రాత్రికి వెలుగుతుంది, అందుకే వేయాలనిపిస్తుంది.

ఈ ఎనభై శాతం పద్ధతిని నేను చాలామందికి చెబుతుంటాను, లైట్ల గురించి కాకపోయినా. జీతమంతా వాయిదాలకు కట్టేసేవాళ్లు, రోజులో ప్రతి గంటకూ ఒక పని ఒప్పుకునేవాళ్లు, ఎవరడిగినా కాదనలేనివాళ్లు వందకు వంద మీద నడుస్తున్నారు. ఒక జ్వరమో, ఒక బంధువు రాకో, ఆఫీసులో ఒక అదనపు పనో వస్తే ఇక చోటు లేదు. నూటికి ఇరవై ఖాళీగా ఉంచుకోండి. ఆ ఖాళీని ఎవరికీ చూపించక్కర్లేదు, సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

వద్దని చెప్పేవాడి మీద కోపం

ఎం.సి.బి. వైరింగును కాపాడుతుంది. మనిషిని కాపాడాలంటే ఆర్.సి.సి.బి. ఉండాలి. ఈ తేడా తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

ఇంట్లోకి ఫేజు వైరులో ఎంత కరెంటు వస్తుందో న్యూట్రల్‌లో అంతా తిరిగి వెళ్లాలి. కొట్టు కట్టేసే ముందు షావుకారు జమా ఖర్చూ సరిచూసుకున్నట్టు ఆర్.సి.సి.బి. ప్రతి క్షణం ఈ రెండిటినీ సరిచూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు దారి తప్పి తడిగోడలోకో, ఇనుప గ్రిల్లులోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతోందన్నమాట. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంప్స్‌ది, అంటే తేడా అంతకు చేరేలోపే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. 6 ఆంప్స్ ఎం.సి.బి. తీసుకుంటే, అది పడిపోకుండా పోనిచ్చే కరెంటు 30 మిల్లీఆంప్స్‌కు 200 రెట్లు. మనిషి గుండె లయ తప్పడానికి పదుల మిల్లీఆంప్స్ చాలు. షాక్ తగిలిన మనిషి గిలగిల్లాడుతున్నా ఎం.సి.బి. కదలకుండా కూర్చోవడానికి కారణం ఇదే. దానికి అది లెక్కలోకే రాదు.

ఈ రకం రక్షణను అమెరికాలో 1961లో చార్లెస్ డాల్జియెల్ అనే ఆచార్యుడు రూపొందించాడు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండేవాడు. మనిషి శరీరం ఎంత కరెంటును ఓర్చుకోగలదో ఏళ్ల తరబడి పరిశోధించి, ఆ జ్ఞానంతో చేశాడు. అక్కడి సాకెట్లలో ఉండే ఆ పరికరం సుమారు 5 మిల్లీఆంప్స్‌కే ఆపేస్తుంది. కొత్తగా పెట్టే ఇంటి బయటి సాకెట్లకు అది తప్పనిసరి.

మన దగ్గర ఏం జరుగుతోంది? వానకు తడిసిన సెట్ పెడతారు. ఆర్.సి.సి.బి. పడిపోతుంది. ఎత్తుతారు. మళ్లీ పడిపోతుంది. మూడోసారి ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఎవరో ఒకరు వచ్చి, ఆ ఆర్.సి.సి.బి.ని తప్పించి నేరుగా కలిపేస్తారు. లైట్లు వెలుగుతాయి, అందరూ మెచ్చుకుంటారు. తప్పు ఎక్కడుందో మాత్రం ఎవరూ వెతకలేదు. తడిసిన సెట్ అక్కడే వేలాడుతోంది, తేడా ఏమిటంటే ఇప్పుడది గ్రిల్లుకు తగిలినా ఆపేవాడు లేడు.

వద్దని చెప్పేవాణ్ని తొలగించే అలవాటు బోర్డు దగ్గర ఆగదు. ఖర్చు ఎక్కువవుతోందన్న భార్య మాట, ఈ ఒప్పందం మీద సంతకం పెట్టొద్దన్న గుమస్తా మాట, రక్తపోటు చూపించుకోమన్న స్నేహితుడి మాట మనకు చికాకు తెప్పిస్తాయి. ఆ చికాకు వచ్చిన క్షణంలో ఒక్క ప్రశ్న వేసుకోండి: వీళ్లు ఎందుకు ఆపుతున్నారు? పడిపోయిన ఆర్.సి.సి.బి. దగ్గర కూడా అదే ప్రశ్న. సెట్లన్నీ పీకేయండి. ఎత్తండి. నిలబడితే ఒక్కో సెట్‌నే మళ్లీ కలుపుతూ రండి. ఏది కలిపినప్పుడు పడిపోయిందో దాన్ని పారేయండి, ఎంత ఖరీదైనదైనా సరే.

మంచు, వాన, ఇనుము

డిసెంబర్‌లో వానలుండవని ఎవరన్నా అంటే నమ్మకండి. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. నెల్లూరు, ప్రకాశం వైపు ఈ నెలలో వాన మామూలే. వాన లేకపోయినా తెల్లవారుజామున మంచు కురుస్తుంది, పిట్టగోడ తడుస్తుంది, ప్లగ్గులోకి చెమ్మ చేరుతుంది.

అందుకే బయట కట్టే సెట్ కొనేటప్పుడు డబ్బా మీద ఐ.పి. అని, పక్కన రెండంకెలు ఉన్నాయేమో చూడండి. 44 ఉంటే ఏ వైపు నుంచి నీటి తుంపర పడ్డా తట్టుకుంటుంది. 65 అయితే నీటి ధారనూ తట్టుకుంటుంది. 20 ఉన్నదీ, అసలేమీ రాయనిదీ గదిలోకే. ఎక్స్‌టెన్షన్ వైరుకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి, మూడు వైర్లు ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పెట్టేటప్పుడు రక్షణ ముందుగా కలవాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. ఆ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చేవాళ్లున్నారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ రోజే మార్చండి.

చవక ఎల్‌ఈడీ సెట్ల గురించి ఒక అపోహ ఉంది. బల్బు చిన్నది, వెలుగు చల్లనిది, కాబట్టి షాక్ కొట్టదనుకుంటారు. సన్నవైరుతో, రెండు పిన్నులతో నేరుగా సాకెట్లో పెట్టేవాటిలో చాలావాటికి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఆ దండ పొడుగునా 230 వోల్టుల ప్రమాదం ఉన్నట్టే. ఎలుక ఎక్కడ కొరికినా, మేకు ఎక్కడ గీరినా అక్కడ షాక్ సిద్ధంగా ఉంటుంది. బయటి అలంకారానికి 12, 24 వోల్టుల్లాంటి తక్కువ వోల్టేజి మీద, అడాప్టర్‌తో నడిచే సెట్ తీసుకోండి. అడాప్టర్ ఇంటి లోపల పొడిగా ఉండాలి, సన్నవైరు మాత్రమే బయటికి వెళ్లాలి. ఖరీదు కొంచెం ఎక్కువ. పిల్లలు తిరిగే చోట నేను ఇంకో మాట చెప్పను.

నేరుగా కరెంటు మీద నడిచే సెట్‌ను ఇనుప గ్రిల్లుకు, గేటుకు, రేకుల షెడ్డుకు చుట్టకండి. బట్టలారేసే ఇనుప తీగ దండేనికి అసలే వద్దు. తడిబట్ట ఆరేయబోయి దండేనికి కరెంటు వచ్చి చనిపోయిన వార్త మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివాం! ఒక్కోసారి కాపాడబోయిన రెండో మనిషి కూడా. లైట్లు కట్టడానికి ప్లాస్టిక్ క్లిప్పులు, నూలు తాడు వాడండి. మేకు కొట్టి వైరును దాని కింద బిగించకండి. అతుకులు వీలైనంత వరకు లేకుండా చూసుకోండి. తప్పనప్పుడు కనెక్టరు వేయించి, అది చూరు కింద పొడిచోట ఉండేలా పెట్టించండి. టేపు ఒక్కటే చుట్టిన అతుకు నాలుగు రోజుల ఎండకీ మంచుకీ జిగురు వదిలి తెరుచుకుంటుంది. ప్లగ్గులోకి వెళ్లే ముందు వైరు కాస్త కిందికి వేలాడేలా వదిలితే దాని మీద జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్లోకి పోదు.

నక్షత్రం ఎత్తే గొట్టం గురించి గట్టిగా చెప్పాలి. ఇనుప గొట్టానికి నక్షత్రం కట్టి మేడ మీద నిలబెట్టేటప్పుడు పక్కనే పోయే 11 కె.వి. లైను వైపు చూడని కుర్రాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఆ లైనులో ఉన్నది 11,000 వోల్టులు. తగలకపోయినా, బాగా దగ్గరికి వెళితే చాలు. గొట్టం పూర్తిగా పక్కకు పడిపోయినా లైనును చేరనంత దూరం ఉంటేనే ఎత్తండి. వెదురైనా పచ్చిదీ తడిదీ నమ్మకూడదు. అంత దూరం లేకపోతే నక్షత్రాన్ని వరండాలో వేలాడదీయండి. అక్కడ కూడా అది నక్షత్రమే.

స్తంభం మీది వైర్లకు కొక్కేలు తగిలించి పాకకు కరెంటు లాగడం గురించి ఎక్కువ చెప్పను. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద అది నేరం. అంతకన్నా ముఖ్యం, ఆ వైరుకు మీ ఇంటి ఎం.సి.బి. లేదు, ఆర్.సి.సి.బి. లేదు. ఏం జరిగినా ఆపేది ఏదీ లేదు.

ఇంకొక్క సెట్

జాగ్రత్తలన్నీ తెలిసినవాళ్లు కూడా ఒకచోట జారతారు. ఎదురింటివాళ్లు ఈసారి జలపాతంలా దిగే లైట్లు కట్టారు. మనింట్లో పిల్లలు దిగాలుపడ్డారు. ఇరవై మూడో తారీకు రాత్రి తొమ్మిదింటికి బజారుకు వెళ్లి ఇంకో మూడు సెట్లు తెచ్చి, ఉన్నవాటి తోకకు తగిలించేస్తారు. ఒకదాని చివర ఒకటి ఎన్ని కలపవచ్చో తయారీదారు డబ్బా మీద చెబుతాడు. చెప్పకపోతే కలపకూడదనే అర్థం. మొదటి సెట్ సన్నవైరు మిగతా అన్నిటి భారమూ మోయాల్సి వస్తుంది.

ఇక్కడ పని చేస్తున్నది పోటీ. పోటీలో ఉన్నవాడు తన బలం ఎంతో చూసుకోడు, ఎదుటివాడి ఎత్తే చూస్తాడు. "మనకు ఇది చాలు" అని పిల్లల ముందు ప్రశాంతంగా చెప్పగలిగిన తండ్రి ఆ రాత్రి వాళ్లకు చాలా ఇచ్చినట్టు. చెప్పి ఊరుకోవద్దు, పని అప్పగించండి. పాక దగ్గర ఏ లైటు ఎటు తిరగాలో వాళ్లనే నిర్ణయించమనండి. ఉన్న వంద బల్బులూ గుమ్మం చుట్టూ ఒద్దికగా పేర్చిన ఇల్లు, వెయ్యి బల్బులు చిందరవందరగా వేలాడే ఇంటికన్నా అందంగా ఉంటుంది. ఇది నా అభిరుచి మాత్రమే అనుకున్నా పర్వాలేదు, కట్టి చూడండి.

గడ్డి పాక విషయంలో మాత్రం రాజీ లేదు. ఎండుగడ్డి మీద పాత పసుపు బల్బు వద్దు, కొవ్వొత్తి అసలే వద్దు. కాగితం నక్షత్రంలోనూ ఎల్‌ఈడీయే పెట్టండి. 60 వాట్ల పాత బల్బు రాత్రంతా పన్నెండు గంటలు వెలిగితే 25 రోజులకు 18 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీకి అదే వాడకంలో 2.7 యూనిట్లు. డబ్బు మాట పక్కన పెట్టినా, కాగితానికి వేడి తగలదు.

దూరదేశంలో మనవాళ్లు

న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊరుంది, మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. 1879 డిసెంబర్ 31న ఎడిసన్ తన విద్యుద్దీపాలను జనానికి చూపించిన మెన్లో పార్క్ ఈ ఊళ్లోదే. 1954లో ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. అలాంటి ఊళ్లలో మనవాళ్లు దీపావళికి కట్టిన లైట్లనే క్రిస్మస్ దాటేదాకా ఉంచుతారు, ఇరుగుపొరుగుతో కలిసిపోతారు. మంచి అలవాటు. కానీ రెండు నెలలు ఎండకూ మంచుకూ ఉన్న సెట్‌ను డిసెంబర్‌లో మళ్లీ ఒకసారి పరీక్షించాలి. అక్కడ ఆరుబయట వాడే ఎక్స్‌టెన్షన్ తీగ మీద రకం పేరులో డబ్ల్యు అక్షరం ఉంటుంది, అది లేనిది బయట పరచకూడదు. ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు కూడా మూసుకునే మూత సాకెట్‌కు ఉండాలి. ఇంటిచూరుకు నిచ్చెన వేసేటప్పుడు కింద ఒకరు పట్టుకుని ఉండాలి. ఈ సీజన్లో అలంకారం చేస్తూ గాయపడి అక్కడ ఆస్పత్రికి చేరేవాళ్లలో చాలామంది పైనుంచి పడినవాళ్లే.

ఇంకొక మాట. సెలవులకు వచ్చేటప్పుడు అక్కడి లైట్ల సెట్లు ప్రేమగా తెచ్చి అమ్మానాన్నలకు ఇస్తారు. అవి 120 వోల్టులవి. పిన్ను ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజిని మార్చదు. 230 మీద పెడితే మాడిపోతాయి, మంటా రావచ్చు. సెట్ మీద 100 నుంచి 240 వరకూ అని రాసి ఉంటేనే తీసుకురండి.

ఆపడం కూడా మీ పనే

ఇరవై నాలుగు రాత్రి ఇంటిల్లిపాదీ ఆరాధనకు వెళ్తారు. ఇంటికి తాళం, బయట లైట్లన్నీ వెలుగుతూ ఉంటాయి. ఎవరూ లేని ఇంట్లో వైరు వేడెక్కితే చూసేవాడెవడు? వెళ్లేటప్పుడు ఆపేయండి. వీధికి వెలుగు ఉండాలనిపిస్తే గుమ్మంలో ఒక్క మామూలు లైటు ఉంచండి. పడుకునే ముందూ అంతే. మర్చిపోతామనుకుంటే టైమర్ పెట్టించండి, పదకొండింటికి దానంతటదే ఆగుతుంది. ఇంట్లో ఒకరికి ఆ బాధ్యత పేరు పెట్టి అప్పగించండి. అందరి పని అయితే ఎవరూ చేయరు.

ఇంట్లో అందరికీ మెయిన్ ఎక్కడుందో తెలియాలి, పదేళ్ల పిల్లకు కూడా. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టుకుని లాగకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించాలి. తెగిన లైను కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి. ఈ నంబర్లు బోర్డు పక్కన కాగితం మీద రాసి అంటించండి.

ఇప్పుడు లేచి మీ మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లండి. ఆర్.సి.సి.బి. మీద టి అని గుర్తున్న చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కండి. వెంటనే పడిపోతే అది పని చేస్తోంది. తిరిగి ఎత్తి, నెలకోసారి ఇలాగే చూసుకోండి. పడకపోయినా, అసలు అలాంటి మీటే మీ బోర్డులో కనిపించకపోయినా, ఈ ఏడాది మొదటి సెట్ కట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.